నీళ్ళలో జమాఖర్చు

మా బరంపురం తెలుగువాళ్ళకు సముద్రం కొత్త కాదు. గోపాల్‌పూర్ మాకు పదహారు కిలోమీటర్ల దూరం. అక్కడ అలల మీద పడవలు నడిపే నోలియాలు ఇంట్లో మాట్లాడుకునేది తెలుగే. పూరీలో యాత్రికుల చెయ్యి పట్టుకుని సముద్రస్నానం చేయించేదీ ఆ నోలియాలే. అయినా మన ఉద్యోగస్థుల కుటుంబాల్లో ఈత వచ్చినవాళ్ళను వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. నీళ్ళంటే మనకు పుణ్యస్నానం, లేకపోతే గండం. ఆ రెండూ కాని మూడోదొకటి ఉందని నాకు యాభై మూడో ఏట తెలిసింది.

ముప్ఫై ఏళ్ళ బ్యాంకు ఉద్యోగమంటే ముప్ఫై ఏళ్ళ కుర్చీ. మా నాన్నగారిదీ కుర్చీ ఉద్యోగమే. చివరి నాలుగేళ్ళు ఆయన మంచం దిగలేదు. ముందు కాళ్ళు పోయాయి, తర్వాత మనిషి పోయారు. ఆ నాలుగేళ్ళూ ఆయన్ను ఎత్తి కూర్చోబెట్టినవాణ్ణి నేను. అందుకే 2022లో నా ఎడమకాలు తిమ్మిరెక్కడం మొదలైనప్పుడు డాక్టరు చెప్పకముందే నాకు చెమటలు పట్టాయి. "నీళ్ళు మీ బరువు మోస్తాయి, కండరాలు మాత్రం పని చేస్తాయి. ఈత నేర్చుకోండి" అన్నారాయన. అప్పటికి నేను భువనేశ్వర్‌లో ఉన్నాను. మర్నాడే కొలనులో పేరు రాయించుకున్నాను.

మా కోచ్ నా కొడుకు వయసువాడు. నీళ్ళలో తేలడం, ఊపిరి వదలడం నెలరోజులు నేర్పి, ఆ తర్వాత రెండు రబ్బరు రెక్కలు తెచ్చి నా ముందు పెట్టాడు. వీటినే ఫిన్లంటారు. పిల్లలైతే బాతుకాళ్ళంటారు. పేరు ఏదైనా పని ఒకటే. పాదం వైశాల్యం పెంచి, తన్నిన ప్రతి తన్నుకూ ఎక్కువ నీటిని వెనక్కి నెట్టడం.

ఈ ఆలోచన పాతదే. అమెరికాకు చెందిన బెంజమిన్ ఫ్రాంక్లిన్ కుర్రతనంలో చేతులకు చెక్కపలకలు పట్టుకుని, కాళ్ళకు ఒకరకం చెప్పులు కట్టుకుని ఈది చూశాడు. కాళ్ళవి ఆయనకు నచ్చలేదు. ఈతలో కొంత ఊపు పాదం లోపలి పక్కనుంచీ చీలమండ నుంచీ వస్తుందని ఆయన గమనించాడు. మనం ఇప్పుడు తొడుక్కునే రబ్బరు ఫిన్లకు 1933లో పేటెంటు తీసుకున్నది లూయీ ద కోర్లియూ అనే ఫ్రెంచి నౌకాదళ అధికారి.

ఇక అసలు విషయం, కాలు ఎలా ఆడించాలి? ఫిన్లు తొడుక్కున్న వెంటనే చాలామంది మోకాళ్ళు పొట్టకేసి లాక్కుని సైకిలు తొక్కుతారు. శబ్దం బోలెడు, ప్రయాణం శూన్యం. మా కోచ్ నన్ను గట్టుమీద కూర్చోబెట్టి ముందు అలాంటివాళ్ళను చూపించాడు, తర్వాత చక్కగా ఈదేవాళ్ళను చూపించాడు. తేడా కళ్ళకు కట్టింది. కదలిక తుంటి దగ్గర పుట్టాలి. తొడ ముందు కదలాలి, దాని వెనక మోకాలు, ఆ వెనక పాదం. మోకాలు కర్రలా బిగుసుకోకూడదు, మరీ మడతపడకూడదు. నీటి ఒత్తిడికి తనంతట తాను కొద్దిగా వంగితే చాలు. చీలమండ వదులుగా ఉండాలి. వేళ్ళు వెనక్కి చాపి ఉండాలి. చేతిలో కొరడా ఊగినప్పుడు పిడి కొంచెమే కదిలి కొస ఎక్కువ కదులుతుంది చూడండి, అలాగన్నమాట.

రెండో సంగతి నాకు బ్యాంకువాడిగా బాగా నచ్చింది. కాలు కిందికి తన్నేటప్పుడు అందరూ బలం పెడతారు. పైకి తెచ్చేటప్పుడు ఊరికే వదిలేస్తారు. ఫిన్ను రెండు వైపులా పనిచేస్తుంది. కిందికి తన్నడం జమ అయితే పైకి ఎత్తడం ఖర్చు అనుకోకండి. రెండూ జమే. పైకి ఎత్తేటప్పుడు తొడ వెనక కండరాలూ పిరుదుల కండరాలూ పనిచేస్తాయి. కుర్చీలో కూర్చుని మనం నిద్రపుచ్చినవి సరిగ్గా అవే.

మూడోది, వెడల్పు. రెండు పాదాల మధ్య అడుగు, అడుగున్నర ఎడం చాలు. అంతకుమించి చాపితే కాలే నీటికి అడ్డుగోడ అవుతుంది. ఫిన్ను నీటి మట్టం దాటి పైకి రాకూడదు. గాలిని తంతే మనిషి ముందుకు పోడు, చప్పుడే మిగులుతుంది. తల ఎత్తి ఎదురుగా చూస్తే నడుము కిందికి దిగిపోతుంది, కాబట్టి చూపు కొలను అడుగున ఉండాలి. వెల్లకిలా ఈదేటప్పుడు మోకాళ్ళు నీళ్ళపైకి తేలకూడదు. తేలాయంటే మళ్ళీ సైకిలు మొదలైందన్నమాట.

కొనేటప్పుడు పొడుగువి చూసి మోజుపడకండి. సముద్రంలో డైవింగు చేసేవాళ్ళ పొడుగు ఫిన్లు వేరు, కొలనులో వాడే పొట్టివి వేరు. కొత్తవాళ్ళకు మెత్తని పొట్టి రబ్బరువే మేలు. పాదానికి అతుక్కుని ఉండాలి కాని బిగుతు కాకూడదు. బిగుతైతే బొబ్బలు, వదులైతే మధ్యలో జారిపోతాయి. గట్టుమీద కూర్చుని తొడుక్కోండి. తొడుక్కుని నడవకండి, కాలుజారి పడతారు. మొదటి వారం నాలుగు పొడవులు చాలు. ఎప్పుడూ ఫిన్లతోనే ఈదితే వట్టికాళ్ళు బద్ధకిస్తాయి. నేను మూడింట ఒకవంతే వీటితో ఈదుతాను.

పిక్క పట్టేస్తే కంగారుపడవద్దు. వెల్లకిలా తేలి, ఫిన్ను కొస చేత్తో పట్టుకుని, మోకాలు చాపి, మీవైపు లాక్కోండి. కాసేపట్లో వదిలేస్తుంది. ఇంకొక్క మాట. ఫిన్లు ఈతకు సాయమే కాని ప్రాణానికి హామీ కావు. ఒంటరిగా దిగవద్దు. సముద్రంలో వెనక్కి లాగే ప్రవాహంలో చిక్కితే ఒడ్డుకేసి ఎదురీదకుండా, ఒడ్డుకు సమాంతరంగా ఈది ఆ ప్రవాహం దాటాలి. గోపాల్‌పూర్‌లో ఒక ముసలి నోలియా నాతో అన్నది ఇదే: "సముద్దరంతో దెబ్బలాడకు బాబూ, పక్కకు తప్పుకో."

రెండేళ్ళు తిరిగేసరికి నా ఎడమకాలి తిమ్మిరి చాలావరకు తగ్గింది. అందరికీ తగ్గుతుందని నేననను. నడుముకో మోకాళ్ళకో బాధ ఉన్నవాళ్ళు ముందు డాక్టర్ని అడిగి, ఆ తర్వాతే ఫిన్లు తొడగండి.

మా ఆవిడకు మోకాళ్ళనొప్పులు. మెట్లు దిగేటప్పుడు నా భుజం పట్టుకుంటుంది. "ఈ వయసులో ఆ బట్టలేమిటి, ఆ నీళ్ళేమిటి" అని ఏడాదిన్నర వాయిదా వేసింది. నేను బలవంతపెట్టలేదు. మా నాన్నగారి మంచం సంగతి ఆవిడకూ తెలుసు. ఆ రోజుల్లో గంజి తాగించింది ఆవిడే. నిరుడు వేసవిలో ఆడవాళ్ళ గంటలకు తనే వెళ్ళి చేరింది. చేతులదాకా, మోకాళ్ళదాకా కప్పే ఈతదుస్తులు దొరుకుతాయని కొలనులో మరో తెలుగావిడ చెప్పిందట. ఇప్పుడు మా పెరట్లో తీగమీద రెండు జతల ఫిన్లు ఆరుతున్నాయి. చిన్న జత నీలంరంగుది. మొన్న ఆదివారం నన్ను గట్టుమీద నిలబెట్టి, "మీ కాళ్ళు నీళ్ళపైకి వస్తున్నాయి, చూసుకోండి" అంది.