బొక్కల రాజ్యానికి సమ్మె తెలియదు

కంప్యూటర్‌లో రాజ్యాలేలే ఆటలన్నిటిలో నాకు చిరాకు తెప్పించేది శవాల రాజ్యం. 1999లో వచ్చిన 'హీరోస్ ఆఫ్ మైట్ అండ్ మ్యాజిక్' మూడో భాగంలో దాని నగరం పేరు నెక్రోపోలిస్. యుద్ధం గెలవగానే చచ్చిన శత్రువుల్లో కొందరు బొక్కలగూళ్లై లేచి మన వరుసలోనే నిలబడతారు. (మా వైపు ఎముకను బొక్క అంటారు. కోస్తావాళ్లు కంత అని అర్థం చేసుకున్నా ఈ రాజ్యానికి నప్పుతుంది.) తక్కిన రాజులకు సైన్యం ఉత్సాహం పెరిగిందా, తగ్గిందా అన్న దిగులుంటుంది. బొక్కల దొరకు అదీ లేదు. ఉత్సాహమన్నదే ఎరుగని బలగాన్ని కదపడానికి తెలివి కావాలేమో గానీ, ఏలడానికి ఏం కావాలి? ఎదురడిగే నోరు లేనిచోట రాజనీతికి పనేముంటుంది?

ఆటలు తయారుచేసేవాళ్లకూ ఈ లోటు తెలుసు, అందుకే దొడ్డిదారిన ఏదో ఒక బలహీనతను తెచ్చిపెడతారు. 'టోటల్ వార్: వార్‌హామర్'లో రక్తపిశాచ ప్రభువుల సైనికులు గుండె చెదిరి పారిపోరు, నిలబడ్డచోటే పొడిపొడిగా రాలిపోతారు. సేనాపతి పడ్డాడా, సైన్యమూ రాలడం మొదలవుతుంది. అంటే అక్కడ బతికున్నది ఒక్కడి ఇచ్ఛే. 'డొమినియన్స్'లోని ఎర్మోర్ సామ్రాజ్యం ఇంకో మెట్టు పైన. దాని ప్రభావం పాకిన ప్రతి మండలంలో జనం చచ్చిపోతారు, సైన్యం ఉచితంగా పెరుగుతుంది, పన్ను కట్టే మనిషి మాత్రం మిగలడు. ఆటను ఆటగా చూడక ఈ విచారణ ఎందుకని అడగవచ్చు. చదరంగంలో బంటు తిరగబడదని ఎవరూ ఏడవరు, నిజమే. చదరంగం తనను రాజకీయమని చెప్పుకోదు కదా.

చచ్చినవాళ్లను మనవాళ్లు ఇంత అగౌరవంగా ఊహించలేదు. చందమామ చదివిన ఇళ్లలో బేతాళుడు తెలియనివారుండరు. శవం రాజు భుజమెక్కి, ఆ రాజుకే న్యాయం మీద పరీక్ష పెడుతుంది. జవాబు తెలిసీ చెప్పకపోతే తల పగులుతుంది, చెబితే శవం మళ్లీ చెట్టెక్కుతుంది. ప్రశ్న శవానిది, సంజాయిషీ రాజుది. 1977 నాటి 'యమగోల' సినిమా ఇంకా ముందుకుపోయి యమలోకంలో సమ్మె చేయించింది. సత్యనారాయణ యముడు, అల్లు రామలింగయ్య చిత్రగుప్తుడు. పైలోకపు కొలువులోనైనా పనిచేసేవాడికి కోరికల పత్రం ఉంటుందని రామారావు అక్కడికెళ్లి నేర్పాడు. అది హాస్యమే అయినా, పాలన మీద అందులో ఉన్న అవగాహన ఆ ఖరీదైన ఆటల్లో నాకు కనబడలేదు.

సమ్మెలేని రాజ్యమే మేలని, బొగ్గు టన్నుల్లో లెక్కపెట్టేవాళ్లు అనవచ్చు. గోదావరిఖనిలో ఆ మాట అని చూడండి. 2011 సకల జనుల సమ్మెలో సింగరేణి కార్మికులు బొగ్గుబాయి దిగకపోతే కరెంటు కోతలు ఉమ్మడి రాష్ట్రమంతటినీ తాకాయి. అంతకాలం ఆ దీపాలు ఎవరి చెమటతో వెలిగాయో అప్పుడు తెలిసింది. 1998 నుంచి ఇక్కడ గుర్తింపు సంఘానికి ఎన్నికలున్నాయి, 2023 డిసెంబరులో ఏఐటీయూసీ గెలిచింది. మస్టర్ పడిన ప్రతివాడూ దసరా ముంగట లాభాల వాటా ఎంత శాతమని అడుగుతాడు. అసలు సంగతి డిపెండెంట్ ఉద్యోగం. బాయిలో పనిచేస్తూ మనిషి పోతే అతని హక్కు అతనితో పోదు, కొడుకో బిడ్డో భార్యో దాన్ని పట్టుకుని ఆఫీసు మెట్లెక్కుతారు. నెక్రోపోలిస్‌లో చచ్చినవాడు రాజుకు ఆస్తి. ఇక్కడ చచ్చినవాడు కంపెనీకి అప్పు. దీనికోసం ఎన్ని ధర్నాలు, ఎన్ని వాదనలు జరిగినా, ఆ తంటాయే పాలన.

ఆ మాటకొస్తే బొగ్గు కూడా శవమే. ఇరవై అయిదు కోట్ల ఏళ్లకు మించిన అడవి. దాన్ని తవ్వేసినచోట మిగిలిన ముక్కలు కూడా ఊరికే పడి ఉండవు. గాలి తగిలితే తమంతట తామే వేడెక్కి రాజుకుంటాయి. అందుకే గోడలు కట్టి మూస్తారు, గోదావరి ఇసుకతో నింపుతారు. ఇక చచ్చి లేచిన రామగుండం ఎరువుల ఫ్యాక్టరీ సంగతి. అది 1980లో బొగ్గుతో యూరియా చేయడానికి మొదలైంది, ఆ నెక్రోపోలిస్ ఆట వచ్చిన 1999లోనే మూతపడింది. రెండు దశాబ్దాలు తుప్పుపట్టిన అస్థిపంజరం. 2021లో ఆర్‌ఎఫ్‌సీఎల్ పేరుతో మళ్లీ ఉత్పత్తి మొదలుపెట్టింది, ఈసారి బొగ్గుతో కాదు, గొట్టాల్లో దూరం నుంచి వచ్చే గ్యాస్‌తో. ఏడాదికి 12.7 లక్షల టన్నుల యూరియా దాని సామర్థ్యం. లేచింది పాత ఫ్యాక్టరీయేనా, దాని చోట కూర్చున్న వేరొకటా? కాళ్ల కిందే బొగ్గు పెట్టుకుని గ్యాస్ తాగుతున్న ఈ ఫ్యాక్టరీని చూస్తే బేతాళుడు విక్రమార్కుణ్ణి ఏమని అడిగేవాడో.