సెలైన్ పైపులో పెట్రోలు

మృగశిర కార్తె దాటి రెండు మంచి వానలు పడితే చాలు, హైదరాబాదులోని అమీర్‌పేట, పంజాగుట్టల్లో ఖాళీ జాగా అంతా పచ్చబడుతుంది. మెట్రో స్తంభాల కింది మొక్కల మధ్య, ఎర్రమంజిల్ పాత క్వార్టర్ల చుట్టూ, అపార్ట్‌మెంట్ల ప్రహరీల వెంట గడ్డి మోకాలెత్తు లేస్తుంది. ఎండాకాలమంతా మూలన పడి ఉన్న గడ్డి మిషన్లు అప్పుడు బయటికొస్తాయి. వాటి వెనకే నా దగ్గరికి కొందరు రోగులు వస్తారు. మామూలుగా ఈ పేటల్లో డాక్టరు చూసేది కోచింగ్ సెంటర్ల పిల్లల గ్యాస్ట్రిక్, మెడనొప్పి, నిద్రలేమి. ఈ వానాకాలపు రోగులు మాత్రం మాలీలు, వాచ్‌మెన్లు, కాంట్రాక్టు కూలీలు. వాళ్ల జబ్బులు వేరువేరుగా కనిపిస్తాయి కానీ మూలం ఒకటే: కారుతున్న పెట్రోలు.

ఒక జూలై సాయంత్రం వచ్చిన మాలీకి నలభై ఏళ్లుంటాయి. పాలమూరు మనిషి. ఆగని దగ్గు, ఛాతీలో మంట, సన్నగా జ్వరం. మందుల షాపులో దగ్గు సిరప్, యాంటీబయాటిక్ కొని అప్పటికే వేసుకున్నాడు. స్టెతస్కోపు పెట్టడానికి వంగగానే అతని ఊపిరిలో పెట్రోలు వాసన కొట్టింది. అడిగితే చెప్పాడు: “మిషన్ పైపు కారుతుంది సార్, వారం సంది. మారుద్దామని ట్యాంకు ఖాళీ చేస్తుంటి. నోటితోని గుంజిన. జెరంత లోపటికి పోయింది, గంతే.”

“మింగారా? పొలమారిందా?”

“పొలమారింది సార్. చాన సేపు దగ్గిన.”

ఇక పరీక్షల కోసం ఆగకుండానే సగం రోగం తెలిసిపోయింది. పెట్రోలు కడుపులోకి గుక్కెడు పోతే చేసే చెరుపు కన్నా, ఊపిరితిత్తుల్లోకి చెంచాడు జారితే చేసే చెరుపు చాలా ఎక్కువ. అది నీళ్లకన్నా పలుచన, తలతన్యత తక్కువ. అందువల్ల క్షణాల్లో సన్నని శ్వాసనాళాల చివరిదాకా పరుచుకుంటుంది. గాలి తిత్తులు ముడుచుకుపోకుండా కాపాడే సర్ఫాక్టెంట్ పొరను దెబ్బతీస్తుంది. దీన్ని కెమికల్ న్యుమొనైటిస్ అంటాం. నోట్లో కిరోసిన్ పోసుకుని మంటలు ఊదే గారడీవాళ్లకు వచ్చేదీ ఇదే. మొదటి గంటల్లో ఎక్స్‌రే మామూలుగానే కనిపించవచ్చు, నీడలు తేలడానికి ఆరెనిమిది గంటలు పట్టవచ్చు. కాబట్టి “ఎక్స్‌రే బాగుంది, ఇంటికి పో” అనకూడదు. వాంతి అసలు చేయించకూడదు, పైకొచ్చేటప్పుడు పెట్రోలు మళ్లీ ఊపిరితిత్తుల్లోకి జారుతుంది. ఇది సూక్ష్మక్రిములు తెచ్చిన జబ్బు కాదు కనుక మొదట్లోనే యాంటీబయాటిక్ వేసి లాభం లేదు. కావలసింది ఆక్సిజన్, కనిపెట్టుకుని ఉండే మనుషులు. అతను కొన్ని రోజులు ఆసుపత్రిలో ఉండి కోలుకున్నాడు.

కోలుకున్నాక, మార్చిన పాత పైపు ఒకసారి చూపించమన్నాను. అతని కొడుకు పాలిథిన్ కవర్లో తెచ్చాడు. అది మేం రోజూ వాడే సెలైన్ పైపు. చుక్కల వేగం తగ్గించి పెంచే చిన్న చక్రం కూడా దాని మీద అలాగే ఉంది. పెట్రోలు ఆపడానికి, వదలడానికి దాన్నే ట్యాపులా వాడుతున్నారు! ఆ తెలివికి ముచ్చట వేసింది, ఆ తెలివి వెనకున్న లేమికి బాధ వేసింది. “మిషన్ మీదేనా?” అంటే, “కాంట్రాక్టర్‌ది సార్, పైపుకు పైసలియ్యడు” అన్నాడు.

సెలైన్ పైపు పీవీసీతో చేస్తారు. మెత్తగా వంగడానికి అందులో ప్లాస్టిసైజర్ అనే నూనెలాంటి పదార్థం కలుపుతారు. ఉప్పునీళ్లు దాన్ని పెద్దగా కదిలించవు. పెట్రోలు మాత్రం కరిగించి లాగేస్తుంది. కొన్నాళ్లకు పైపు పసుపురంగుకు తిరుగుతుంది, కుంచించుకుపోతుంది, బిరుసెక్కి జాయింటు దగ్గర పగులుతుంది. సరైన పైపుకు కూడా ఇప్పుడు గడ్డుకాలమే. 2023 నుంచి దశలవారీగా వచ్చిన ఇరవై శాతం ఇథనాల్ పెట్రోలు, 2025 నాటికి దేశమంతటా బంకుల్లో మామూలైపోయింది. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, పాత రకం రబ్బరును ఉబ్బిస్తుంది. ఏడెనిమిది నెలలు ట్యాంకులో పెట్రోలు ఉంచేసి, హైదరాబాదు ఎండలో రేకుల షెడ్డు కింద పడేసిన మిషన్‌లో పైపు, ప్రైమర్ బల్బు (స్టార్టు చేసేముందు నొక్కి పెట్రోలు ఎక్కించే చిన్న బుడగ), కార్బొరేటర్‌లోని పలుచని డయాఫ్రం పొర పాడవకుండా ఉంటేనే ఆశ్చర్యపోవాలి. పనిలో పనిగా మా వాళ్లకూ ఒక మాట: వాడేసిన సెలైన్ సెట్లను ఎర్ర సంచిలో వేసి, మళ్లీ వాడే వీలులేకుండా చేయాలని 2016 నాటి బయోమెడికల్ వ్యర్థాల నిబంధనలు చెబుతున్నాయి. పైపు ముక్క చెక్కుచెదరకుండా బయటికి వచ్చిందంటే ఆ తప్పు మాలీది కాదు.

రెండో రకం కేసు కాలిన గాయాలది. మెట్రో కింద గడ్డి కోస్తున్న కుర్రాడి మిషన్‌లో ప్రైమర్ బల్బు చిట్లింది. అక్కడే ఫుట్‌పాత్ మీద బల్బు మార్చాడు. ఒలికిన పెట్రోలు మిషన్ ఒంటి మీద, ప్యాంటు మీద తడిగానే ఉంది. సైలెన్సర్ ఇంకా కాలుతూనే ఉంది. తాడు లాగాడు. అంతే, తొడ నుంచి మోకాలిదాకా కాలింది. పెట్రోలు ఆవిరి కావడానికి వేడి అక్కర్లేదు. సున్నాకు నలభై డిగ్రీల దిగువన కూడా నిప్పంటుకోగల ఆవిరిని వదులుతుంది. గాలిలో ఆ ఆవిరి ఒకటిన్నర శాతం దాకా ఉంటే, ఒక్క స్పార్కు చాలు. నా దగ్గరికి వచ్చేసరికి గాయం నిండా టూత్‌పేస్టు పట్టించి ఉంది. దాన్ని కడిగి తీసే నొప్పి కాలిన నొప్పికి తోడైంది. కాలిన వెంటనే చేయాల్సింది పెట్రోలు తడిసిన బట్టలు తీసేయడం, కుళాయి నీళ్లు ఇరవై నిమిషాలు ధారగా పోయడం, శుభ్రమైన గుడ్డ కప్పి 108కి ఫోన్ చేయడం. పేస్టు, సిరా, పసుపు, వెన్న, ఐసు ఏవీ వద్దు. మంట లేకపోయినా పెట్రోలు తడి బట్టలతో గంటలు గడిపితే చర్మం బొబ్బలెక్కుతుంది. వీపుకు తగిలించుకునే మిషన్లు కారినప్పుడు నడుం మీద ఇవే బొబ్బలు చూశాను.

మూడోది కనిపెట్టడం కష్టమైన రకం. ఒక అపార్ట్‌మెంటు వాచ్‌మన్, భార్య, ఇద్దరు పిల్లలు ఒకేసారి తలనొప్పి, వాంతులతో వచ్చారు. జ్వరం లేదు. భార్య అప్పటికే నిన్నటి కూరను తప్పుపట్టేసింది. వేలికి పెట్టిన ఆక్సిమీటర్ అందరికీ తొంభై ఎనిమిది చూపింది. ఒకే గదిలో నలుగురికీ ఒకేసారి తలనొప్పి అంటే నేను మొదట అడిగేది “ఇంట్లో ఏం మండింది?” అని. వాళ్ల గది సెల్లార్‌లో ఉంది. బయట వాన పడుతోందని గడ్డి మిషన్‌ను సెల్లార్‌లోనే విప్పి, కారే పైపు బాగుచేసి, లీకు సరిగ్గా ఆగిందో లేదో చూడడానికి మిషన్‌ను చాలాసేపు నడిపారు. కార్బన్ మోనాక్సైడ్ ఆక్సిజన్ కన్నా రెండు వందల రెట్లకు పైగా గట్టిగా హిమోగ్లోబిన్‌ను అంటుకుంటుంది. మామూలు ఆక్సిమీటర్ ఈ రెండింటినీ వేరుచేసి చూడలేదు, అందుకే అంకె బాగుంటుంది, మనిషి బాగుండడు. మాస్కుతో ఆక్సిజన్ పెట్టాక తేరుకున్నారు. వాళ్లు ఇంకో ప్రమాదం నుంచి కూడా తప్పించుకున్నారు. పెట్రోలు ఆవిరి గాలికన్నా మూడు నాలుగు రెట్లు బరువు. అది ర్యాంపు ఎక్కి బయటికి పోదు, నేలబారుగా పాకుతుంది. అదే సెల్లార్ మూలన వాళ్ల గ్యాస్ పొయ్యి ఉంది.

ఈ సంగతుల వల్ల నేను రిపేరు పద్ధతి కూడా నేర్చుకోవాల్సి వచ్చింది. మందుచీటీ వెనక రాసిస్తుంటాను. మిషన్ పూర్తిగా చల్లారాక, ఆరుబయట, స్పార్క్ ప్లగ్ వైరు ఊడదీసి మొదలుపెట్టాలి. ట్యాంకు మూత మెల్లగా తిప్పాలి, ఎండలో లోపల ఒత్తిడి పెరిగి పెట్రోలు చిమ్మవచ్చు. నోటితో గుంజకుండా గరాటు పెట్టి డబ్బాలోకి ఒంపేయాలి. ట్యాంకులోంచి మామూలుగా రెండు పైపులు వస్తాయి. ఒకటి కార్బొరేటర్‌కు పెట్రోలు తీసుకెళ్లేది, దాని చివర ఫిల్టర్ ఉంటుంది. రెండోది బల్బు నుంచి తిరిగొచ్చేది. రెండూ ఒకేసారి మార్చాలి, ఒకటి బిరుసెక్కితే రెండోది కూడా అదే వయసుది. పైపు ట్యాంకులోకి దూరేచోట ఉన్న రబ్బరు బుష్ చూడాలి, చాలా లీకులు అక్కడే. కొత్త పైపు పెట్రోలుకు తట్టుకునే రకం, సరైన కొలతలో ఉండాలి. పాతది పట్టుకుని రాణిగంజ్ వెళితే దొరుకుతుంది. పగుళ్ల మీద సబ్బు, గమ్ము నిలవవు. పెట్రోలు పోశాక కాసేపు ఆగి, అన్నీ పొడిగా ఉన్నాయని తుడిచి చూసుకున్నాకే తాడు లాగాలి.

మిగిలిన పెట్రోలు ఎక్కడ పోస్తారన్నది కూడా అడుగుతాను. ఇంజిన్ కోసం టూటీ (2T) ఆయిల్ కలిపిన పెట్రోలుకు రంగు ఉంటుంది. దాన్ని కూల్ డ్రింక్ సీసాలో పోసి మంచం కింద పెడితే పిల్లలకు అది షర్బత్తే.

నేను చూసిన ఈ కేసులన్నింటిలో ఒక విషయం మారలేదు. లీకు ఆ రోజు పుట్టింది కాదు, అంతకు ముందే వాసన వస్తోందని అందరికీ తెలుసు. వాసన పీల్చింది పనివాడు, పైపు కొనాల్సింది మిషన్ యజమాని. రెండు జానల రబ్బరు పైపు ఖర్చు, ఆసుపత్రిలో ఒక్క రోజు ఖర్చు ముందు లెక్కలోకే రాదు. అపార్ట్‌మెంట్ సంఘాల వారికి, కాంట్రాక్టర్లకు నా విన్నపం ఒక్కటే: ఏటా వానలకు ముందు పైపులు, బల్బులు మార్పించండి. ఆ ఖర్చు మీరే పెట్టండి. “వాసన వస్తోంది సార్” అని మీ మాలీ చెప్పిన రోజున కోత ఆపేయమనండి, ఆ రోజు కూలీ మాత్రం ఆపకండి.