బందరు దీపస్తంభ దర్శనము

మేము కాపురముండు బొల్లారము సంగారెడ్డి జిల్లాలోని పారిశ్రామిక ప్రాంతము. ఇచ్చట మేడలకంటె ఎత్తయినవి కర్మాగారముల పొగగొట్టములే. మా వారు ఉపాధ్యాయులు. గడచిన దసరా సెలవులలో మా అమ్మాయి తన పుస్తకమున దీపస్తంభము బొమ్మను జూపి, "అమ్మమ్మా! నీవు దీనిని జూచితివా?" యని మా అమ్మ నడిగెను. అమ్మ బదులు చెప్పక పెరటిలోనికి బోయెను.

మా అమ్మ పుట్టినది దివిసీమ. 1977వ సంవత్సరము నవంబరు 19వ తేదీన వచ్చిన ఉప్పెననాటికి ఆమెకు ఎనిమిదేండ్లు. ఆ ఉప్పెనలో పదివేలమందికి తక్కువగాక మరణించిరి. మా అమ్మమ్మ చేతినుండి రెండేండ్ల పసివాడు నీటిలోనికి జాఱిపోయెను. పిమ్మట మా తాత కూలిపని వెదకుకొనుచు పటాన్‌చెరువునకు వచ్చి, ఇచ్చటనే నిలిచిపోయెను. ఆనాటినుండి అమ్మ సముద్రమును చూచి యెఱుగదు. మనుమరాలు నాలుగుదినములు పట్టుబట్టగా, "దివికి రాను. బందరు వఱకైనచో వత్తును" అనెను.

సికింద్రాబాదున రాత్రి రైలెక్కి తెల్లవాఱునప్పటికి బందరు చేరితిమి. మచిలీపట్టణమను పేరు కాగితములమీదనే. జనుల నోట బందరే. ఆ మాటకు పారసీకమున రేవని యర్థము. మా యింటికి సమీపముననున్న గోలకొండకోటకు సముద్రపు వాకిలి ఈ యూరే. కుతుబ్‌షాహీల కాలమున డచ్చివారు 17వ శతాబ్దారంభమునను, ఇంగ్లీషువారు 1611లోను ఇచ్చట వర్తకశాలలు నెలకొల్పిరి. తరువాత ఫ్రెంచివారు వచ్చిరి. 1759లో వారినుండి ఇంగ్లీషువారు కోటను గైకొనిరి. ఇందఱి నింతదూరము రప్పించినవి మన సాలెల మగ్గములును, అద్దకమువారి చేతులును.

మొదట బందరుకోటలోని డచ్చివారి శ్మశానమును చూచితిమి. నల్లరాతి పలకలమీద వంశచిహ్నములను, డచ్చి అక్షరములను లోతుగా చెక్కియున్నారు. అమ్మ ఒక పలకపై చేయివేసి, "తల్లులకు కబురైనను అందినదో లేదో!" యనెను.

పిదప పెడనకు బోయి కలంకారీ అద్దకమును చూచితిమి. కాళహస్తివారు కలముతో వ్రాయుదురు. పెడనవారు టేకు అచ్చులతో అద్దుదురు. గుడ్డను ముందుగా కరక్కాయ నీటిలో తడిపి యెండవేయుదురు. తుప్పుపట్టిన యినుమును బెల్లపు నీటిలో నానవైచిన ద్రవము నల్లరంగునకు. పటిక యెఱుపు నిలుచుటకు. అచ్చువేసిన గుడ్డను పాఱు నీటిలో జాడించి, రంగునిచ్చు వేళ్ళతోను ఆకులతోను కాగులలో ఉడికింతురు. నీరు మంచిదిగానిచో రంగు తేరదని యచ్చటి యాడువారు చెప్పిరి. చీరలు కొనుటయే యెఱిగిన నాకు వానివెనుకనున్న శ్రమ ఆనాడు తెలిసినది.

మధ్యాహ్నము చిలకలపూడి పాండురంగస్వామిని సేవించి, మంగినపూడికి బోయితిమి. అచ్చటి తీరమున నేల నల్లరేగడివలె పాదముల కంటుకొనును. మా అమ్మాయి పరుగెత్తుకొని నీటిలోనికి దిగెను. అమ్మ వెనుకకు దిరిగి నిలుచుండెను. ఆమె వ్రేళ్ళు నా ముంజేతిని గట్టిగా పట్టుకొనియుండెను.

చిన్ననాట మా నాయనగారు నాచే కావ్యములు చదివించునపుడు, సముద్రుడు చెలియలికట్ట దాటడనియు, మాటతప్పనివానికి అతడే సాటియనియు కవులు చెప్పగా విని నమ్మితిని. అమ్మ ఆ కావ్యముల నెఱుగదు. కట్ట దాటిన సముద్రమును ఎఱుగును. ఆ దినమున నా చదువు నాకు మిక్కిలి తేలికగా తోచినది.

దీపస్తంభము మెట్లెక్కుటకు అమ్మ యొప్పుకొనదని తలచితిని. కాని మనుమరాలి చేయి పట్టుకొని ఆమెయే ముందు నడచెను. చుట్టుమెట్లు, నడుమనడుమ చిన్న గవాక్షములు. పైకి చేరినంతనే గాలి చెవులలో హోరుమనెను. దీపమునకు ప్రతి రేవునను వేఱువేఱు మెఱపు విరామము ఉండును. దానిని లెక్కించియే నావికుడు తానెచ్చట నున్నాడో పటమున గుర్తింపగలడు. చిన్నజ్యోతిని పెద్దదూరమునకు పంపుటకు గాజు పట్టకములను వలయములుగా పేర్చు విధానమును 19వ శతాబ్దిలో ఫ్రాన్సువాడగు ఫ్రెనెల్ కనిపెట్టెను.

దీపమును చూచు యువకుని అమ్మ అడిగెను: "నాయనా! ఆ ఉప్పెన రాత్రి యీ దీపము వెలిగినదా?"

అతడు తడబడి, "నేనప్పటికి పుట్టలేదమ్మా! అయినను ఈ వెలుగు ఓడలవారికి, గట్టుమీది వారికి గాదు" అనెను.

అమ్మ తల యూపెను. గట్టుమీది వారికి కావలసిన వెలుగు వేఱు. 1864 నవంబరు 1వ తేదీన వచ్చిన ఉప్పెనలో బందరు ప్రాంతమున ముప్పదివేలమంది మడిసిరి. 1990 మే నెలలో కృష్ణాముఖమున పెనుతుపాను వచ్చినపుడు, ముందుగా హెచ్చరికలు చేసి లక్షలాది జనమును తరలించిరి. మృతులు సుమారు వేయిమంది. ఆ వేయియు స్వల్పముగాదు. కాని 1977నాటి లెక్కతో పోల్చినచో వేళకు అందిన మాట యెంతటిదో తెలియును. ఇప్పుడు బందరున తుపానులను కనిపెట్టు రాడారు కేంద్రమున్నది.

మేము దిగి దూరమున నిలుచునప్పటికి దీపము వెలిగెను. అమ్మ అప్పుడు సముద్రమువైపు తిరిగి, చీకటిపడునంతవఱకు చూచెను. ఏమియు పలుకలేదు. నేనును పలుకరింపలేదు.

ఇంటికి వచ్చిన తరువాత కార్తికమాసమున అమ్మ తులసికోటకడ రెండు దీపములు పెట్టుట మొదలిడెను. రెండవది యెవరికని మా అమ్మాయి యడుగగా, "మా తమ్మునికి" అనెను. ఇన్నేండ్లలో ఆ పిల్లవాని మాట ఆమె నోట మా యింట వినబడుట అదియే మొదటిసారి.

బందరు పోవు సోదరీమణులు డచ్చివారి సమాధులను, పెడన అచ్చులను, మంగినపూడి దీపస్తంభమును తప్పక చూడుడు. బందరు లడ్డు తెచ్చుటయు మఱవవలదు. ఇంటి పెద్దవారిని గూడ వెంటగొనిపొండు. వారెఱిగిన సంగతులు కొన్ని యే పుస్తకమునను దొరకవు. అడిగినచో చెప్పుదురు, అడుగనిచో వారితోనే పోవును.