ఓడినవారి మన్ను

మేము జపాను దేశమునకు వచ్చి పండ్రెండు సంవత్సరములు గడచినవి. ఈ దేశమును గూర్చి ఏమైన వ్రాయుడని మిత్రురాండ్రు కోరునప్పుడు, పుష్పములను పాత్రలయందమర్చు విద్యను గూర్చియో, తేనీటి మర్యాదను గూర్చియో వ్రాయుదుమని వారు తలంతురు. మేమో, ఒక బంతియాటను గూర్చి వ్రాయ బూనితిమి. సోదరీమణులు నవ్వవచ్చును. కాని భాష రాక, పొరుగు తెలియక, వంటింటి కిటికీ చెంత నిలిచి దినములు లెక్కించుకొనుచుండిన కాలమున ఈ దేశములో మాకు మొదటి చుట్టమై వచ్చినది ఆ యాటయే. అది మాకు నేర్పినది యొకటి కలదు. దానిని ఒక్క దినపు కథగా చెప్పుట సులభము.

ఆ యాట పేరు బేస్‌బాల్. 1872 ప్రాంతమున టోక్యోలో పాఠములు చెప్పుచుండిన హొరేస్ విల్సన్ అను అమెరికా ఉపాధ్యాయుడు దానిని తన విద్యార్థులకు నేర్పెను. జపానువారు దానికి 'యక్యూ' అని పేరిడిరి; మైదానపు బంతి అని అర్థము. మన క్రికెట్టునకు ఇది దాయాది. జట్టునకు తొమ్మండుగురు, తొమ్మిది పర్యాయములు ఆట. బంతిని కొట్టినవాడు మైదానమున నున్న మూడు మజిలీలను దాటి, తాను బయలుదేరిన చోటికి క్షేమముగా మరల వచ్చినచో ఒక పరుగు. ఆ చోటికి 'ఇల్లు' అని పేరు. ఇల్లు విడిచి, చుట్టి చుట్టి, తుదకు ఇల్లు చేరుటయే ఈ యాటలోని సారమంతయు. పరదేశమున నున్నవారికి దీనిని వేరుగా వివరింప నక్కరలేదు.

మాకు దీనిని పరిచయము చేసినది పొరుగింటి వృద్ధురాలు. మేమామెను 'ఒబాఆసాన్' అందుము; అవ్వ అని అర్థము. ఆమె మమ్ము 'ఓకుసాన్' అని పిలుచును. ఇంటి లోపలిభాగమున నుండు ఇల్లాలని ఆ మాటకు మూలార్థమట. అట్లు పిలుచుచునే ఒకనాడు ఆమె మమ్ము ఇంటి లోపలినుండి బయటికి లాగుకొని పోయెను. మా తలుపు తట్టి, చేతిలోని రెండు టిక్కెట్లు చూపి, రమ్మని సైగ చేసెను. అది హన్షిన్ టైగర్స్ అను జట్టు ఆట. 1935లో ఏర్పడిన ఈ జట్టు 1985లో జపాను ఛాంపియన్ అయినది. మరల ఆ కీర్తి పొందుటకు 2023 వరకు, అనగా ముప్పదియెనిమిది సంవత్సరములు పట్టినది. ఇన్నియేండ్లు ఓడుచున్న జట్టును ఎట్లు ప్రేమింతురని మేము కొంత భాష వచ్చిన పిమ్మట అడిగితిమి. "ఓడినప్పుడు విడిచిపోవుటకు వారు అంగడివారా? మన పిల్లలు గదా," అని ఆమె బదులు చెప్పెను. ఆ మాటతో మేమును ఆ జట్టువారమైతిమి.

వారి ఆటస్థలము కోషియెన్. ఒసాకా, కోబే నగరముల నడుమనున్న నిషినోమియాలో హన్షిన్ రైలు సంస్థ దీనిని కట్టించినది. 1924 ఆగస్టు 1వ తేదీన తెరచిరి. మనకు ప్రభవ మొదలుగా అరువది సంవత్సరముల చక్రమున్నట్లే వారికిని ఒక చక్రము కలదు. 1924 ఆ చక్రమున మొదటి యేడు. దాని పేరే ఈ తావునకు వచ్చినది. ఆగస్టు మాసము రాగానే పెద్ద జట్టువారు తమ ఇంటిని విడిచి వేరు ఊళ్ళకు పోయి ఆడుకొందురు. ఆ మైదానము ఉన్నత పాఠశాలల బాలురది యగును. దేశమంతటినుండి 49 జట్లు వచ్చును. ఒక్కసారి ఓడినచో ఇక ఆ యేట ఆట లేదు, ఇంటికి పోవలసినదే.

మేము చెప్పబోవు దినము ఆగస్టు 15.

ఆ దినమున మన దేశమున జెండా పండుగ. మేమును వేకువనే లేచి స్నానము చేసి, దేవుని గూటి ప్రక్కన చిన్న మువ్వన్నె జెండా నిలిపి, పులిహోర కలిపితిమి. పులిహోరలో పులుపుండుటచే అన్నము ఎండకు చెడిపోదు గదా! ఒబాఆసాన్ కూడ అన్నపు ముద్దలలో ఉప్పులో నూరిన పుల్లని ఉమె పండు నుంచును. కారణమదియే. ఏటేట ఆ దినమున ఆమెయు మేమును కలిసి కోషియెన్‌కు పోవుట వాడుక. ఆమె ముద్దలు మాకు, మా పులిహోర ఆమెకు.

ఆ యేడు ఆమె రాలేకపోయెను. మోకాళ్ళు పట్టుకొని పోయినవి. ఎండ తగులరాదని వైద్యుడు చెప్పెను. మేము మానుకొందుమన్నను ఆమె వినలేదు. తన తెల్లని గుడ్డటోపీని మా చేతికిచ్చి, "పండ్రెండు గంటలకు నా బదులు నిలుచుండుడు," అని మాత్రము చెప్పెను. దాని యర్థము మాకు తెలియును. ఆమెకొక అన్న ఉండెను. ఆమెకు అయిదేండ్లున్నప్పుడు అతడు పాఠశాల జట్టులో బంతి విసరువాడు. కోషియెన్‌లో ఆడవలెనని అతని కోరిక. 1941లో యుద్ధకారణమున పోటీలు నడుమనే ఆపివేసిరి. 1946 వరకు మరల జరుగలేదు. 1943లో కోషియెన్ మీది గొప్ప ఇనుప కప్పును సైతము యుద్ధమునకై విప్పి యిచ్చిరి. అన్న సైన్యములోనికి పోయెను, మరల రాలేదు. "ఓడువారిని చూచి అందరును జాలి పడుదురు. మా అన్నకు ఓడుటకైనను వీలు చిక్కలేదు," అని ఆమె ఒకప్పుడు మాతో అనెను.

మావారును మేమును ఉమెదా స్టేషనులో రైలెక్కితిమి. పావుగంటలో కోషియెన్. పచ్చని తీగలల్లుకొన్న గోడలు దాటి లోనికి పోగానే నల్లమన్ను పరచిన మైదానము కానవచ్చును. ఆ మన్ను మన నల్లరేగడిని తలపించును. దానిలో ఇసుక కలిపెదరు. అక్కడ 1924 నుండియు అమ్మబడుచున్న కూరన్నము ప్రసిద్ధము. మన దేశపు కూర ఆంగ్లేయుల చేతిమీదుగా జపానుకు చేరి ఇట్లు మారినది. తియ్యగా నుండును, తాలింపు వాసన యుండదు. అయినను దూరపు చుట్టమని మేము ఏటేట తిందుము. ముక్కలుగా కొట్టిన మంచుగడ్డలను సంచులలో పోసి అమ్ముదురు. ముందు దానిని నెత్తిన పెట్టుకొందురు. కరగిన పిమ్మట గొట్టముతో త్రాగుదురు. ఎండ అంతటిది.

మేము కూర్చున్నది ఒక చిన్న ఊరి పాఠశాలవారి వైపు. ఆ ఊరి తల్లులు ఒకేవిధమైన చొక్కాలు ధరించి, బాలురకు నీళ్ళందించుచు, వాద్యములు వాయించు పిల్లల ముఖములు తుడుచుచు నుండిరి. బంతి పైకి లేచినప్పుడెల్ల వారందరి ప్రాణములును దానితో లేచినట్లుండెను.

పండ్రెండు గంటలగుచుండగా ఆట ఆగెను. బాలురు టోపీలు తీసి ఎక్కడివారక్కడ నిలిచిరి. వాద్యములు ఆగినవి. మంచు అమ్మువారు సంచులు క్రింద పెట్టిరి. సైరను మ్రోగెను. వేలకొలది జనము తలలు వంచి నిలిచిరి. 1945లో ఇదే దినమున, ఇదే వేళకు, యుద్ధము ముగిసినదను ప్రకటన చక్రవర్తి కంఠమున రేడియోలో వినవచ్చెను. దానికై ఏటేట ఒక్క నిమిషము మౌనము.

మేమును ఒబాఆసాన్ టోపీని రెండు చేతులతో పట్టుకొని నిలిచితిమి. మొదటి యేండ్లలో ఆ నిమిషమున మేము పరాయివారమే. మనకిది స్వాతంత్ర్యము వచ్చిన దినము, వారికి ఓడిన దినము. మన ఇండ్లలో తీపి, వారి యిండ్లలో ధూపము. మనకేల ఈ దుఃఖమని లోలోపల అనుకొనుచు మర్యాదకై నిలిచెడివారము. ఆనాడు అట్లు తోచలేదు. చూడని అన్న ఒకడు, పదునేడేండ్లవాడు, ఆ నల్లమన్నుమీద నడువవలసియుండి నడువనివాడు, మా కన్నులలో మెదలెను. యుద్ధమునకు పోయి తిరిగిరాని మన ఊళ్ళ బిడ్డలును మెదలిరి. వారి తల్లులు ఏ భాషలో ఏడ్చిననేమి? పరదేశము మనదగుట దాని పండుగలలో పాలు గొన్నప్పుడని ఇంతకాలము తలంచితిమి. కాదు, దాని మౌనములో నిలుచుటకు ఒకరు మనలను తమ బదులు పంపినప్పుడని మాకప్పుడు తెలిసినది.

సైరను ఆగెను, ఆట సాగెను. మేము కూర్చున్న వైపువారు ఒక్క పరుగుతో ఓడిరి. రెండు జట్లును ఎదురెదురుగా నిలిచి వంగి నమస్కరించెను. గెలిచినవారి పాఠశాల గీతము పాడుచుండగా ఓడినవారును నిశ్చలముగా నిలిచి వినిరి. పిమ్మట పరుగున మా వైపు వచ్చి తల్లిదండ్రులకు తలలు వంచిరి. తల్లులు ఏడ్చుచునే చప్పట్లు కొట్టిరి. ఒక్కరును ఓడితివేల యని అడుగలేదు.

అటుపై ఆ బాలురు మోకరించి, మైదానపు మన్నును చేతులతో తీసి సంచులలో నింపుకొనిరి. ఓడినవారు మన్ను కొనిపోవుట అక్కడి వాడుక. దీనిని గూర్చి ఒబాఆసాన్ చెప్పిన కథ మాకెంతయు ప్రియము. 1958లో ఒకినావా ద్వీపమునుండి షురి పాఠశాల జట్టు వచ్చినది. అప్పుడా ద్వీపము అమెరికావారి యేలుబడిలో నుండెను. బాలురు ఓడి, మన్ను తీసికొని ఓడలో ఇంటికి పోగా, పరదేశపు మన్ను లోనికి రారాదని చట్టము అడ్డుపడినది. ఆ మన్నును సముద్రమున పారబోసిరి. ఆ వార్త చదివిన జపాను విమానములలోని పరిచారికలు, మన్ను పోకూడదన్నచో రాయి పోవచ్చును గదాయని, కోషియెన్ గులకరాళ్ళను ఏరించి ఆ బాలురకు పంపిరి. ఆ రాళ్ళు నేటికిని ఆ పాఠశాలలోని ఒక స్మారకమున పొదుగబడియున్నవి. చట్టము మూసిన ద్వారమును ఆడువారి బుద్ధి అట్లు తెరచినది.

సాయంకాలము ఇల్లు చేరి ముందు ఒబాఆసాన్ తలుపు తట్టితిమి. ఆమె గోడకు ఆనుకొని కూర్చుండి టెలివిజనులో అంతయు చూచియే యుండెను. అయినను, "ఓడినవారు ఎట్లు పోయిరి?" అని అడిగెను. గెలుపెవరిదని ఆమె ఎన్నడును అడుగదు. నమస్కరించి, మన్ను తీసికొని, నిటారుగా నడచి పోయిరని చెప్పితిమి. టోపీని ఆమె చేతికిచ్చితిమి. ఎండకు అది ఇంకను వెచ్చగా నుండెను. ఆమె దానిని ఒడిలో పెట్టుకొని కొంతసేపు నిమురుచుండెను.

"పులిహోర మిగిలినదా, ఓకుసాన్?" అని పిమ్మట అడిగెను.

మిగిల్చియే తెచ్చితిమి. మువ్వురమును కూర్చుండి తింటిమి. ప్రొద్దుననుండి నిలిచియున్నను అది చెడలేదు.