నమాజు వేళలతో సాగిన అందలూసియా యాత్ర

భూమిపై సంచరించి, గతించిన జాతుల పర్యవసానాన్ని పరిశీలించమని దివ్య ఖుర్ఆన్ పలుచోట్ల ప్రబోధించింది. ఆ దృష్టితో చూడదగిన నేలల్లో అందలూసియా ఒకటి. స్పెయిన్ దక్షిణ భాగంలో ఉన్న ఈ ప్రాంతంలో 711లో మొదలైన ముస్లిముల పాలన క్రమంగా కుంచించుకుపోతూ 1492లో ముగిసింది. అక్కడికి వెళ్ళాలన్న కోరిక మా ఇంట్లో ఎన్నో ఏళ్ళుగా ఉండేది.

మేము మొదట వేసుకున్న ప్రణాళికలో పది రోజులకు ఏడు నగరాలున్నాయి. ఆ కాగితాన్ని చదివి వినిపించగా డెబ్బై ఏళ్ళు దాటిన మా అమ్మీ ఒక్కటే అడిగారు: "బేటా, ఇందులో జుహర్ ఎక్కడ చదువుతాం? మగ్రిబ్‌కు ఎక్కడ ఆగుతాం?" మా దగ్గర సమాధానం లేదు. ఏడు నగరాలకూ టికెట్ల లెక్క ఉన్నది గాని, ఐదు పూటల నమాజుకు చోటు లేదు. ఆ కాగితం చించివేసి మళ్ళీ రాసుకున్నాం. ఈసారి ముందు నమాజు వేళలు వేసుకొని, వాటి నడుమ చూడవలసినవి చేర్చాం. ఏడు నగరాలు మూడయ్యాయి: సముద్రతీరాన మాలగాలో నాలుగు రాత్రులు, గ్రనాడాలో మూడు, కొర్దోబాలో రెండు.

వేసవిలో కొర్దోబా ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. అందుకే అక్టోబరు నెలను ఎంచుకున్నాం. ఆ నెల మధ్యలో అక్కడ ఫజ్ర్ ఇంచుమించు ఏడు గంటలకు మొదలవుతుంది. జుహర్ వేళ మధ్యాహ్నం రెండు దాటాక వస్తుంది. స్పెయిన్ ప్రజలు మధ్యాహ్న భోజనం చేసేదీ, చాలా దుకాణాలు మూతపడేదీ అప్పుడే. కనుక ఉదయం నడక, మధ్యాహ్నం బసకు చేరి నమాజు, భోజనం, విశ్రాంతి, అస్ర్ తరువాత మళ్ళీ నడక అనే క్రమం సులువుగా కుదిరింది. ప్రయాణికులకు షరీఅత్ ప్రసాదించిన ఖస్ర్ సౌలభ్యం ఉండనే ఉన్నది. వీసా విషయంలో ఒక సూచన: షెంగెన్ వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుండే దరఖాస్తు చేసుకోవచ్చు. కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి.

మాలగాలో తీరం వెంట చదునైన విశాలమైన నడకదారి ఉన్నది. మోకాళ్ళ నొప్పి ఉన్న అమ్మీ కూడా బల్లల మీద ఆగుతూ ఆగుతూ హాయిగా నడిచారు. వేసవి రద్దీ తగ్గినందువల్ల, ఉదయం పూట వెళ్ళినందువల్ల తీరంలో ఇబ్బందికరమైన దృశ్యాలు అంతగా ఎదురుకాలేదు. నగరం నడిమధ్యన అటరసానాస్ అనే బజారు ఉన్నది. ఒకప్పుడు అది ముస్లిం పాలకుల ఓడల నిర్మాణశాల. అరబీలో 'దారుస్సినాఅ' అన్న మాటే ఆ పేరుగా మారింది. గుర్రపునాడా ఆకారంలో ఉన్న నాటి పాలరాతి ద్వారం గుండానే నేటికీ జనం కూరగాయలకూ చేపలకూ లోపలికి వెళుతున్నారు.

ఆ బజారులో పిల్లలకు మంచి ఆట దొరికింది. పంచదార అక్కడ 'అసుకర్', బియ్యం 'అర్రోస్', నూనె 'అసైతే'. అన్నీ అరబీ నుండి వచ్చిన మాటలే. నారింజను 'నరాంహా' అంటారని తెలిసి పిల్లలు కేరింతలు కొట్టారు. మన దేశంలో పుట్టిన ఆ మాట పారసీ, అరబీ భాషల మీదుగా అంత దూరం వెళ్ళింది. ఏదైనా జరగాలని కోరుకునేటప్పుడు స్పెయిన్ వారు 'ఓహలా' అంటారు. 'అల్లాహ్ తలిస్తే' అన్న అరబీ మాటకు అది రూపాంతరం. పలికేవారిలో ఎందరికి తెలుసో గాని, వారి నాలుకపై ఆ మాట నిలిచిపోయింది.

ఆహారం విషయంలో జాగ్రత్త చాలా అవసరం. 'హమోన్' అనే పంది మాంసం అక్కడ అన్నింటిలోనూ చేరుతుంది. కొర్దోబావారి 'సాల్మొరేహో' అనే చిక్కని చల్లని టొమాటో సూపు మీద కూడా దాని తునకలు చల్లుతారు. 'మాంతెకాదో' వంటి మిఠాయిల్లో పంది కొవ్వు కలుపుతారు. కొన్ని కూరల్లో ద్రాక్షసారాయి పోస్తారు. 'సిన్ సెర్దో, సిన్ హమోన్, సిన్ వినో' అనే మాటలను కాగితంపై రాసుకొని ప్రతిచోటా చూపించాం. పంది మాంసం, హమోన్, సారాయి వద్దని వాటి అర్థం. ఎవరూ విసుక్కోలేదు. తీరంలో దొరికే 'ఎస్పెతో' మాకు ఎంతో నచ్చింది. మన వైపు కవళ్ళు అని పిలిచే చేపలను పుల్లకు గుచ్చి, ఇసుక నింపిన పాత పడవలో కట్టెల నిప్పు పెట్టి కాలుస్తారు. ఉప్పు తప్ప మరేదీ వేయరు. వంకాయ ముక్కలు వేయించి చెరకు పానకం పోసి ఇచ్చే వంటకాన్ని పిల్లలు రెండుసార్లు అడిగి తిన్నారు.

మాలగా నుండి గ్రనాడాకు బస్సులో రెండు గంటలలోపే చేరాం. అల్‌హంబ్రాలోని నస్రీ రాజమహళ్ళకు టికెట్టుపై ముద్రించిన వేళకే వెళ్ళాలి. దాటితే ప్రవేశం ఉండదు. టికెట్లు చాలా ముందుగా కొనాలి, పాస్‌పోర్టు వెంట ఉండాలి. గోడల నిండా ఒకే వాక్యం అనేకసార్లు చెక్కి ఉన్నది: 'వలా గాలిబ ఇల్లల్లాహ్', అల్లాహ్ తప్ప విజేత ఎవరూ లేరు. నస్రీ వంశీయుల నినాదం అదే. అయితే ఆ వంశ స్థాపకుడు కాస్తీల్ రాజుకు కప్పం కట్టాడు. 1248లో ఆ రాజు ముస్లిముల నగరమైన ఇష్బీలియాను, అంటే నేటి సెవిల్‌ను, జయించినపుడు సైన్యసహాయం కూడా చేశాడు. 1031లో ఖిలాఫత్ ముగిశాక చిన్న చిన్న రాజ్యాలుగా చీలి పరస్పరం కలహించుకున్న పాలకుల కథకు ఇది కొనసాగింపు. గోడ మీద చెక్కిన మాట ఆచరణలో నిలవకపోతే ఏమవుతుందో ఆ చల్లని నీటి కొలనుల పక్కన కూర్చొని ఆలోచించాం.

1492 జనవరి 2న నగరం అప్పగించినపుడు ముస్లిముల మతస్వేచ్ఛను కాపాడతామని విజేతలు ఒప్పందం రాసిచ్చారు. పదేళ్ళు తిరగకముందే బలవంతపు మతమార్పిడులు సాగాయి. 1609 నుండి 1614 వరకు, మతం మార్చుకున్నవారి సంతతిని కూడా దేశం నుండి వెళ్ళగొట్టారు. కాని అల్‌హంబ్రాకు ఎదురుగా అల్బైసీన్ కొండపై 2003లో ఒక కొత్త మస్జిద్ తెరుచుకుంది. అమ్మీ అక్కడ అస్ర్ చదివారు. తోటలోంచి ఎదురుగా ఎర్రని కోటగోడలు కనిపిస్తున్నాయి. అమ్మీ చాలాసేపు దుఆలో ఉండిపోయారు.

చివరిది కొర్దోబా, మన పెద్దల నోట ఖుర్తుబా. మొదటి అబ్దుర్రహ్మాన్ 785 ప్రాంతంలో ప్రారంభించిన ఆ మహా మస్జిద్ 1236 నుండి చర్చిగా ఉన్నది. నేడు ముస్లిములు అక్కడ నమాజు చేయడానికి అనుమతి లేదు. 1929లో హైదరాబాదుకు వచ్చి ఉపన్యసించిన అల్లామా ఇక్బాల్, 1933లో అక్కడ నమాజు చేసి, ఆ అనుభూతితో ఉర్దూలో గొప్ప కవిత రాశారు. ఆ కవిత విని పెరిగిన అమ్మీకి అక్కడ రెండు రకాతులు చదవాలని జీవితకాల కోరిక. అనుమతి లేదన్న సంగతి మేము ఇంట్లోనే చెప్పాం. అయినా ఎరుపు తెలుపు కమానుల నడుమ నడిచి, బంగారు వన్నె మిహ్రాబు ఎదుట నిలబడ్డాక ఆవిడ కళ్ళు చెమర్చాయి.

"దాదీ, ఇది మస్జిదే కదా! ఇక్కడెందుకు చదవకూడదు?" అని మా చిన్నమ్మాయి అడిగింది. ఏమి చెప్పాలో మాకు తోచలేదు. అమ్మీయే నెమ్మదిగా అన్నారు: "ఈ ఇల్లు ఇప్పుడు వేరేవారి చేతిలో ఉంది తల్లీ. వచ్చినవాళ్ళం వాళ్ళ నియమం పాటించాలి. మన ప్రవక్త (స) ఉమ్మత్‌కు అల్లాహ్ భూమినంతటినీ సజ్దా చేసే చోటుగా చేశాడు. బసకు వెళ్ళి చదువుకుందాం, పద." పెదవులపై జిక్ర్‌తో, నారింజ చెట్ల ప్రాంగణం గుండా ఆవిడ బయటికి నడిచారు.

బసలో జానమాజు పరిచేటప్పుడు పిల్లలు దిక్కు అడిగారు. మన ఇంట్లో పడమరకు తిరిగి నిలబడే మేము అక్కడ తూర్పుకు తిరిగాం. రెండు దిక్కుల నడుమ ఉన్నది ఒకే కాబా అని పిల్లలకు వివరించవలసిన అవసరం రాలేదు. వారే చెప్పారు. అమ్మీ ఇమామత్ మా వారికి అప్పగించి, పిల్లలను పక్కన నిలబెట్టుకున్నారు.

అందలూసియాకు వెళ్ళదలచిన కుటుంబాలకు మేము చెప్పేది ఇదే. చూడవలసిన చోట్లను తగ్గించుకోండి, నమాజు వేళలను ముందుగా రాసుకోండి, పెద్దలను వెంట తీసుకువెళ్ళండి. చూసిన ప్రతిదాని నుండి గుణపాఠం గ్రహించే హృదయాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.