పోలీసులు వెంటపడే ఆట – మా గది వేసిన మార్కులు



ప్రతి ఏడాదీ ఈ సంచికలో పోటీ పరీక్షలకు ఎలా చదవాలో ఒక వ్యాసం తప్పకుండా ఉంటుంది. ఈసారి మేము ఒక కంప్యూటర్ ఆట గురించి రాస్తున్నాం. వార్డెన్ గారు కోప్పడరనే ఆశ! ఆట పేరు ‘నీడ్ ఫర్ స్పీడ్: మోస్ట్ వాంటెడ్’. కెనడాలోని ఈఏ బ్లాక్ బాక్స్ వాళ్ళు తయారుచేసిన ఈ ఆట 2005 నవంబరులో విడుదలైంది. 2012లో అదే పేరుతో ఇంకో ఆట వచ్చినా మా గదిలో మాత్రం పాతదే ఆడతాం. 256 ఎంబీ ర్యామ్ ఉన్నా చాలు, నడుస్తుంది. సీనియర్ అన్న వదిలి వెళ్ళిన లాప్‌టాప్‌కి అంతకంటే బరువు పెట్టలేం. నలుగురికీ అదొక్కటే. ఒక ఛేజింగ్ అయ్యాక పక్కవాడికి ఇచ్చేయాలి, ఇదీ మా గది రూలు.

కథ చిన్నదే. ఊరి పేరు రాక్‌పోర్ట్. పేరులోనే పోర్టు ఉంది, పక్కనే సముద్రం. మన విశాఖ లాగే! రేజర్ అనేవాడు మోసం చేసి హీరో బీఎండబ్ల్యూ కారు కొట్టేస్తాడు. పదిహేను మంది రేసర్ల లిస్టులో కింది నుంచి ఒక్కొక్కరినీ ఓడిస్తూ వాడి దాకా వెళ్ళాలి. రేసులు గెలిస్తే సరిపోదు, పోలీసులను ముప్పుతిప్పలు పెట్టి పాయింట్లు సంపాదించాలి. అల్లరి పెరిగేకొద్దీ వచ్చే బలగమూ పెరుగుతుంది. అడ్డంగా కార్లు పెడతారు, రోడ్డు మీద మేకుల పట్టీ పరుస్తారు, పైన హెలికాప్టర్ తిరుగుతుంది. తప్పించుకున్నాక ఎక్కడైనా దాక్కుని కదలకుండా ఉండాలి. ఆ కొద్దిసేపు గదిలో ఎవరూ మాట్లాడరు. పరీక్ష హాల్లో కూడా అంత నిశ్శబ్దం ఉండదు!

ఛేజింగులకు నూటికి తొంభై అయిదు వేశాం. బండి తోలే తీరుకు ఎనభై అయిదు. కథకు నలభై, బొటాబొటీగా పాస్.

ఈ ఆట మాకెందుకింత ఇష్టమో కూడా ఆలోచించాం. చిన్నప్పటి నుంచి మనం లైన్లో నిలబడి పెరిగాం. భోజనానికి లైను, స్కాలర్‌షిప్‌కి లైను, సర్టిఫికెట్ కోసం ఆఫీసు గుమ్మం దగ్గర లైను. ఈ ఆటలో ఎవరూ ఆగమనరు, ఆగమన్నా ఆగక్కర్లేదు. నీ కులమేది, మీ నాన్న ఏం చేస్తాడు అని అడిగేవాడు లేడు. ఆ ఇరవై నిమిషాల హాయిని మేము తక్కువ చేసి చెప్పం.

మాలో ఒకడి నాన్న పోర్టులో లారీ డ్రైవర్. ఒక ఆదివారం కొడుకును చూడ్డానికి వచ్చి, మంచం మీద కూర్చుని ఆట చూశారు. చాలాసేపు నవ్వుతూనే ఉన్నారు. ఎదురుగా వస్తున్న ఒక మామూలు కారును మావాడు గుద్ది వెళ్ళిపోయాడు. ఆయన వెంటనే, “ఆ బండిలోవోడు ఏటైనాడ్రా?” అన్నారు. మా దగ్గర జవాబు లేదు. ఆటలోనూ లేదు.

అప్పటి నుంచి గమనిస్తే, రాక్‌పోర్ట్ రోడ్ల మీద నడిచే మనిషి ఒక్కడూ కనిపించడు. సైకిలు లేదు, ఆటో లేదు, రోడ్డు దాటే ముసలమ్మ లేదు. మన ఊరు అలా ఉంటుందా? స్టీల్ ప్లాంట్ షిఫ్టు వదిలే వేళ గాజువాక రోడ్డు చూడండి. భీమిలి వెళ్ళే బీచ్ రోడ్డులో చేపల గంప దించుకుని నిలబడ్డ అమ్మలను చూడండి. ఆ నడిచేవాళ్ళు మనవాళ్ళే. రాత్రిపూట అదే రోడ్డు మీద బైకులతో పందెం కాసే కుర్రాళ్ళ కళ్ళకు వాళ్ళు కనబడరేమో!

ఆటలో దొరికిపోతే డబ్బు కట్టి బయటపడవచ్చు. ఒకే కారులో మూడుసార్లు దొరికితే కారు పోతుంది, అంతే. బయట అలా కాదు. మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ ప్రకారం, 2019 సవరణ తరువాత, అనుమతి లేకుండా రోడ్డు మీద పందెం పెట్టుకుంటే మొదటిసారికే మూడు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. బండి నడిపినవాడికి పద్దెనిమిదేళ్ళు నిండకపోతే పెద్దవాళ్ళ మీద కేసు. అందుకు 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ళ వరకు జైలు. ఇంటర్ తమ్ముళ్ళు ఇది రెండుసార్లు చదవండి.

ఆటలో మన నేరాల చిట్టా పెరిగితే గొప్ప. మనకు ఉద్యోగం వచ్చిన రోజు చేతికిచ్చే అటెస్టేషన్ ఫారంలో ‘ఎప్పుడైనా అరెస్టయ్యారా, మీ మీద కేసు ఉందా’ అని అడుగుతారు. మా నలుగురి ఇళ్ళలోనూ డిగ్రీ పాసైన మొదటివాళ్ళం మేమే. ఆ గడిలో ‘లేదు’ అని రాయడానికి ఇంట్లో ఎంతమంది ఎదురుచూస్తున్నారో మాకు తెలుసు. డబ్బున్నవాడి కొడుకు దొరికితే మాట్లాడేందుకు లాయరుంటాడు. మనవాడు దొరికితే నాన్న ఆ రోజు కూలి మానుకుని స్టేషను మెట్ల మీద కూర్చోవాలి.

మొత్తం మీద మా గది ఇచ్చిన మార్కులు నూటికి డెబ్బై ఎనిమిది, అంటే డిస్టింక్షన్! కోసిన మార్కుల్లో పది ఆ ఎదురు బండిలోని మనిషి కోసం. ఆడండి తమ్ముళ్ళూ, సెమిస్టర్ పరీక్షలయ్యాక తప్పకుండా ఆడండి. రేజర్‌ని ఓడించలేకపోతే మా గది తలుపు కొట్టండి, నేర్పుతాం.