నింద వేయడానికి ముందు

మా అన్నగారి జీవనాధారం ఒక పాత అంబాసిడర్ కారు. ఆ కార్ల తయారీ 2014లో నిలిచిపోయినా ఆయన కిరాయిలు నిలువలేదు. ఒకనాటి ఉదయం తాళంచెవి త్రిప్పగా ‘టిక్కు’మన్న చప్పుడే గాని ఇంజను తిరుగలేదు. బ్యాటరీ పోయినదనీ, కొత్తది కొనవలసినదేననీ చూచినవారందరూ తీర్పు చెప్పారు. ఆ సొమ్ముతో వారి యింట నెల సరుకులు వస్తాయి.

మేము మల్టీమీటరు పెట్టి చూచాము. బ్యాటరీలో 12.6 వోల్టులున్నవి; అనగా అది నిండుగానే ఉన్నది. తాళంచెవి త్రిప్పినపుడు సైతం ఆ అంకె అంతగా దిగలేదు. అట్లయిన విద్యుత్తు ఎక్కడ ఆగుతున్నది? టెర్మినలుకూ దానిని పట్టిన క్లాంపుకూ నడుమ మీటరు దాదాపు సున్న చూపవలసి ఉండగా, పలు వోల్టులు చూపినది. అక్కడ తెల్లని పొడి పేరుకొని ఉన్నది. బాడీకి కలిపిన తీగను ముందుగా విప్పి, వంటసోడా నీటితో కడిగి, గరుకు కాగితంతో రుద్ది, ఆ తీగను చివరగా బిగించాము. ఇంజను వెంటనే అందుకొన్నది. ఆ పూట కిరాయి దక్కినది.

విద్యార్థులారా! తరగతిలో బదులు పలుకని తోటివానిని మందబుద్ధి అని త్రోసివేయబోయే వేళ ఈ మీటరును తలచుకోండి. లోపల శక్తి నిండుగానే ఉండవచ్చును. అడ్డు ఎక్కడ ఉన్నదో వెదకడం బోధించే మాకూ, కూడి చదివే మీకూ సమానమైన బాధ్యత.